పని అనిపించుకోని పని

నరసాపురం లేసు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కింది. ఆత్రేయపురం పూతరేకుకు అంతకు ముందు ఏడాదే ఆ గౌరవం వచ్చింది. గోదావరి డెల్టా పేరును దూరదేశాలకు మోసుకెళ్లిన ఈ రెండు సరుకులూ ఆడవాళ్ల చేతుల్లో పుట్టేవే. గుర్తింపు ఊరికి వచ్చింది, వస్తువుకు వచ్చింది. అల్లిన మనిషికి, రేకు తీసిన మనిషికి ఏం వచ్చిందన్న లెక్క ఇంకా ఎవరూ సరిగ్గా వేయలేదు. ఆ లెక్క వేయబోతే మొదట అడ్డొచ్చేది మాటే. డెల్టాలో స్త్రీ చేసే పనికి 'సాయం' అని, 'కాలక్షేపం' అని, 'ఇంటి పని' అని రకరకాల పేర్లున్నాయి. ఉత్త 'పని' అన్న పేరు మాత్రం దానికి అంత తేలిగ్గా దొరకదు.

లేసునే తీసుకుందాం. మధ్యాహ్నం గిన్నెలు కడిగి బోర్లించాక నరసాపురం, మొగల్తూరు, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో దారపు ఉండలు అరుగుల మీదికి వస్తాయి. కొనలో చిన్న కొక్కెం ఉన్న సూది కుడిచేతిలో ఉంటుంది. దారం ఎడమచేతి చూపుడు వేలి మీదుగా వస్తుంది. కొక్కెం దారాన్ని అందుకుంటుంది, లాగుతుంది, ముడి పడుతుంది, మళ్లీ అందుకుంటుంది. చూపు ఆ ముడి మీదనుంచి కదిలితే వరుస తప్పుతుంది. సన్నదారం ఏళ్ల తరబడి ఒకే చోట జారీ జారీ ఆ వేలి మీద చర్మం గీతలా గట్టిపడుతుంది. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది, కళ్లు మండుతాయి. నలభై దాటేసరికి సూది కనపడక మానేసేవాళ్లు, కళ్లజోడు పెట్టుకుని కొనసాగించేవాళ్లు వీధివీధికీ ఉంటారు.

ఈ పనిలో విభజన కూడా ఉంది. పువ్వులు, చిన్న బిళ్లలు అల్లడం చేతిపని. వాటిని ఒకదానితో ఒకటి కలిపి బల్లగుడ్డగానో దుప్పటిగానో కూర్చడం అతుకుపని. పువ్వు అల్లిన మనిషి తన పువ్వు చివరికి ఏ రూపం ఎత్తిందో చూడకపోవచ్చు. దారం ఇచ్చేదీ, అల్లింది తీసుకుపోయేదీ ఏజెంటు. ఏజెంటు పైన వ్యాపారి, అతని పైన ఎగుమతిదారు. కూలి అల్లిన ముక్కను బట్టి, పట్టిన దారాన్ని బట్టి లెక్క కడతారు. పట్టిన గంటల ప్రస్తావన ఎక్కడా రాదు. ఒక ఫ్యాక్టరీలో ఇంత వివరంగా పని విభజన జరిగితే దాన్ని ఉత్పత్తి అంటారు. అదే అరుగు మీద జరిగినప్పుడు, అల్లుతున్న ఆమే "పనేమీ లేదండీ, ఖాళీగా ఉన్నప్పుడు లేసు అల్లుతాను" అని చెబుతుంది.

ఆ 'ఖాళీ' ఎలాంటిదో చూడాలి. తెల్లవారుజామున లేచి వాకిలి ఊడ్చి, నీళ్లు పట్టి, పాలు కాచి, రెండు పూటల వంటకు సిద్ధం చేసి, పిల్లల్ని బడికి పంపి, బట్టలు ఉతికి, పశువు ఉంటే దాని చాకిరీ చేసి, ఆ తర్వాత మిగిలిన ఐదారు గంటలకు పెట్టిన పేరది. తనకు నిద్రకో విశ్రాంతికో దొరకవలసిన సమయాన్ని అమ్ముతూ, దాన్నే తీరిక అని చెప్పుకోవలసి వస్తోంది.

1970ల చివర్లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం పల్లెల్లో ఉండి ఈ పనిని దగ్గరగా పరిశీలించారు. 1982లో ఆ అధ్యయనం పుస్తకంగా వచ్చింది. స్త్రీవాద ఆలోచనలో 'గృహిణీకరణ' అనే భావన స్థిరపడటానికి ఈ డెల్టా అరుగులు ఒక ముఖ్యమైన ఆధారం. ఆమె చెప్పింది స్థూలంగా ఇది: విదేశీ మార్కెట్టు కోసం రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు పనిచేస్తున్న స్త్రీని 'ఇంట్లో కూర్చున్న ఇల్లాలు' అని నిర్వచిస్తే, ఆమెకు కార్మికురాలి కూలి ఇవ్వవలసిన అవసరం తప్పిపోతుంది. సంఘం పెట్టుకునే అవకాశం కూడా తప్పిపోతుంది, ఎందుకంటే ఎవరి అరుగు మీద వాళ్లే ఉంటారు. ఇళ్లలో ఆడవాళ్లు అల్లిన సరుకును పట్నాలకు మోసుకెళ్లి అమ్మిన మగవాళ్లు వ్యాపారులయ్యారు. అల్లినవాళ్లు ఇల్లాళ్లుగానే మిగిలారు.

ఇంట్లో కూర్చుని చేసే పనిని చట్టం గుర్తించలేదా అంటే, మన దేశంలోనే గుర్తించిన ఉదాహరణ ఉంది. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఇంటి దగ్గర బీడీలు చుట్టే స్త్రీని కూడా కార్మికురాలి కిందే లెక్కపెట్టింది. బీడీ చుట్టే చేతికి గుర్తింపు కార్డు వచ్చింది, ప్రావిడెంట్ ఫండు వచ్చింది. లేసు అల్లే చేతికి అలాంటి చట్టం రాలేదు. ఇంటి వద్ద పనిచేసే కార్మికుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసిన ఒడంబడికను భారత్ ఆమోదించలేదు.

'ఇంట్లో ఉండటం' ఇక్కడ ఇంత పరువుగా ఎందుకు మారిందో తెలియాలంటే నీటి కథలోకి వెళ్లాలి. కరువులతో, తుపానులతో చితికిపోయిన గోదావరి జిల్లాను 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట మార్చేసింది. కాలవలు వచ్చాయి, సార్వా అనే తొలి పంటకు నీళ్లు ఖాయమయ్యాయి, తర్వాత దాళ్వా అనే రెండో పంట కూడా వచ్చింది. ఎకరం విలువ పెరిగింది. కాటన్ దొర విగ్రహాలకు ఊరూరా దండలు పడతాయి, పడవలసిందే. ఆ నీళ్లు ఆడవాళ్ల బతుకులో తెచ్చిన మార్పును మాత్రం చరిత్రగా ఎవరూ చెప్పుకోరు. చేతిలో నాలుగు డబ్బులు ఆడిన కుటుంబం మొదట చేసిన పనుల్లో ఒకటి తన ఇంటి ఆడవాళ్లను పొలం నుంచి వెనక్కి తీసుకురావడం. "మా ఇంటి ఆడవాళ్లు పొలం గట్టు ఎక్కరు" అన్న మాట ఈ రోజుకీ గొప్పగానే చెబుతారు. ఇంటి స్త్రీ ఎండ కన్నెరగకుండా ఉండటం ఆ ఇంటి మగవాడి సంపాదనకు కొలబద్ద అయింది.

ఇంట్లోకి వచ్చినంత మాత్రాన పని తగ్గలేదు. ధాన్యం ఎండబోయడం, పాలేళ్లకు వంట, పాడి, పెరటి కూరగాయలు, ఆవకాయలు, అప్పడాలు, పెళ్లిళ్లు, పురుళ్లు అన్నీ ఆమె నెత్తినే ఉన్నాయి. మారింది ఒక్కటే, ఆ కష్టం నలుగురి కంటికీ కనపడకుండా పోయింది. కట్నం ఎకరాల లెక్కన మాట్లాడుకోవడం కూడా ఈ సంపదతో పాటే బలపడింది. ఒకప్పుడు కష్టజీవుల కులాల్లో పెళ్లికొడుకు వైపు వాళ్లే పిల్ల తండ్రికి ఇచ్చుకునే ఓలి అన్న ఆచారం ఉండేది. ఆ మాట ఇప్పుడు పెద్దవాళ్ల నోటనే వినిపిస్తుంది. ఓలి ఆడపిల్లకు స్వేచ్ఛ ఇచ్చిందని అనలేం, ఆ డబ్బు తండ్రికి చేరేది. కాకపోతే ఆమె రెక్కల కష్టానికి ఒక విలువ ఉందన్న ఒప్పుకోలు అందులో ఉంది. కట్నం ఆ ఒప్పుకోలును తలకిందులు చేసి, ఆమెను పోషించడానికి అవతలివాళ్లకు ఎదురు డబ్బు ఇవ్వాలని తేల్చింది.

పొలం గట్టు దిగిరాని ఆడవాళ్లు మరి కొందరున్నారు. వాళ్లలో ఎక్కువమంది దళిత మహిళలు, భూమి లేని ఇతర కులాల వాళ్లు. సార్వా ఊడ్పులు మొదలైతే తెల్లారకముందే క్యారేజీలు సర్దుకుని బయలుదేరతారు. ఆకుమడిలో నారు తీసి, మట్టి కడిగి, కట్టలు కట్టి, పిక్కల లోతు బురదలో వంగి వెనక్కి నడుస్తూ వరుస పెట్టుకుంటూ పోవాలి. ఎకరానికి ఇంత అని ముఠాగా మాట్లాడుకుంటే ఎంత వేగంగా వంగితే అంత కూలి. నీళ్లలో నానిన కాలివేళ్ల సందులు ఒరుసుకుపోయి రాత్రి పసుపు, నూనె రాసుకోవలసి వస్తుంది. లేసు అల్లే స్త్రీ రోజంతా కూర్చుని సంపాదించేదానికంటే పొలంలో వంగిన స్త్రీకి కూలి ఎక్కువే ముడుతుంది. గౌరవం మాత్రం అరుగు మీద కూర్చున్న ఆమెకే ఎక్కువ. కులం, ఆడతనం కలిసి ఇద్దరికీ చెరో రకంగా నష్టం చేశాయి. ఒకరికి పరువు ఇచ్చి కూలి తగ్గించాయి, ఇంకొకరికి కూలి ఇచ్చి పరువు తీసేశాయి. ఈ ఇద్దరూ ఒక్కచోట కూర్చుని మాట్లాడుకునే సందర్భం ఊరి నిర్మాణంలోనే లేదు.

సమాన వేతన చట్టం 1976లో వచ్చింది. ఒకే పనికి ఆడా మగా తేడా లేకుండా ఒకే కూలి ఇవ్వాలంది. చట్టాన్ని నేరుగా ఉల్లంఘించవలసిన అవసరం కూడా పల్లెల్లో పెద్దగా రాలేదు. దుక్కి, దమ్ము, గట్లు చెక్కడం మగ పనులు. ఊడ్పు, కలుపు ఆడ పనులు. పనులే వేరైనప్పుడు పోలిక ఎక్కడుంది? ఇందులో నేర్పు ఎక్కువ కావలసింది ఏదని ఎవరైనా అడిగితే, ఎడం చూసి, లోతు చూసి, వరుస తప్పకుండా నాటే చెయ్యి దేనికి తీసిపోతుంది? 2006లో మొదలైన ఉపాధి హామీ పథకంలో ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకే రేటు పెట్టినప్పుడు, ఆ తేడా ప్రకృతి పెట్టింది కాదని చాలా ఊళ్లకు మొదటిసారి కళ్ల ముందు కనిపించింది.

యంత్రం వచ్చాక ఆ విభజన ఇంకో మలుపు తిరిగింది. కొడవళ్లతో కోసి, పనలు కట్టి, కుప్ప వేసినన్నాళ్లు కోతలో ఆడవాళ్లు సగం. కోత యంత్రం వచ్చాక దాని సీటు మీద కూర్చున్నది మగవాడు. విత్తనం నేరుగా వెదజల్లే పద్ధతి వచ్చిన చోట ఊడ్పులే పోయాయి. భీమవరం, ఉండి, కైకలూరు వైపు వరి చేలు చేపల, రొయ్యల చెరువులయ్యాక పరిస్థితి మరీ తేటతెల్లమైంది. ఎకరం వరి చేను ఏడాదిలో ఆడవాళ్లకు ఎన్నో పనిదినాలు ఇచ్చేది. అదే ఎకరం చెరువైతే మేత వేసేవాడు, కాపలావాడు, పట్టుబడి రోజున వల లాగేవాళ్లు కావాలి. అందరూ మగవాళ్లే. ఆడవాళ్లకు మిగిలింది ప్లాంట్లలో ఐసు మధ్య నిలబడి రొయ్యల తలలు తీయడం, ఒలవడం. భీమవరం దగ్గర తుందుర్రులో ఆక్వా పార్కు వద్దని 2016లో గ్రామస్థులు ఉద్యమించినప్పుడు ముందు వరసలో అంతమంది ఆడవాళ్లు ఎందుకు నిలబడ్డారో దీన్ని బట్టి కొంత అర్థమవుతుంది. తాగే నీళ్లు మోసేదీ వాళ్లే, పోయిన కూలీ వాళ్లదే.

సంస్కరణలకు పుట్టిల్లు అని పేరున్న ప్రాంతమిది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. బడి పుస్తకాల్లో ఆ తేదీ ఉంటుంది. వెలి వేస్తామన్న బెదిరింపులకు వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు మానేస్తే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరికి వెళ్లి బిందెలతో నీళ్లు మోసుకొచ్చి వండి వడ్డించారు. ఇంటికి చేరిన వితంతువులను కడుపులో పెట్టుకుని చూశారు. ఆ రోజు ఆ నీళ్లు రాకపోతే, ఆ పొయ్యి వెలగకపోతే పెళ్లి ఎలా జరిగేది? చరిత్ర మాత్రం ఆయన చేసినదాన్ని ఉద్యమం అంది, ఆమె చేసినదాన్ని సహకారం అంది. వీరేశలింగం మీద గౌరవం తగ్గించుకోకుండానే ఈ మాట అనవచ్చు. 1883లో ఆయన స్త్రీల కోసం పెట్టిన పత్రిక పేరు 'సతీహితబోధిని'. స్త్రీ చదువుకోవాలి, చదువుకుని మంచి ఇల్లాలు కావాలి అన్నది ఆనాటి సంస్కరణ గీసుకున్న గీత. ఆ గీత దాటిన వాళ్లూ ఈ నేల మీదే పుట్టారు. బాల్యవితంతువు దువ్వూరి సుబ్బమ్మ స్వాతంత్ర్య పోరాటంలో 1922లో జైలుకు వెళ్లారు. ఎనిమిదేళ్లకే పెళ్లైన దుర్గాబాయి ఆ పెళ్లిని కాదనుకుని, చదువుకుని, రాజ్యాంగ సభలో కూర్చున్నారు.

భూమి విషయంలో తెలుగు నేల దేశానికంటే ముందు నడిచింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో వచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్లైన వాళ్లకు వర్తించదన్నారు. దేశమంతటికీ ఆ మార్పు 2005లో వచ్చింది. ఆ నాటికి తండ్రి బతికి ఉంటేనే కూతురికి హక్కా అన్న వివాదాన్ని సుప్రీంకోర్టు 2020లో కూతుళ్ల పక్షాన తేల్చింది. చట్టానికి ఇక లోటేమీ లేదు. జరుగుతున్నది సబ్ రిజిస్ట్రారు కార్యాలయం దగ్గర చూడాలి. అన్నదమ్ముల పేర పొలం మారేటప్పుడు అక్కచెల్లెళ్లు వచ్చి హక్కు విడుదల దస్తావేజు మీద వేలిముద్ర వేసి వెళతారు. కట్నం ఇచ్చాం కదా అంటారు. పసుపు కుంకుమ కింద ఇచ్చిన అరెకరం ఉంది కదా అంటారు. అవేవీ అనకపోయినా, రేపు భర్త పోయినా కాపురం చెడినా వచ్చి తలదాచుకునే గుమ్మం అదొక్కటేనన్న భయం ఆమె చేత సంతకం పెట్టిస్తుంది. దాన్ని ఆడపడుచు పెద్దమనసు అంటారు. పొలం పేరు మీద లేని మనిషి, అందులో ఎంత పాటు పడినా, పాసుపుస్తకం లెక్కలో రైతు కాదు.

ఇంటి చాకిరీకి ఖరీదు కట్టిన చోటు ఒకటుంది, అది మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్. గృహిణి రోడ్డు ప్రమాదంలో చనిపోతే పరిహారం కోసం ఆమె పని విలువ తేల్చవలసి వస్తుంది. 1994లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన పట్టిక సంపాదన లేని ఇల్లాలి ఆదాయాన్ని భర్త ఆదాయంలో మూడో వంతుగా లెక్కించింది. గృహిణులను యాచకులతో, ఖైదీలతో కలిపి జనాభా లెక్కల్లో పనిచేయని వాళ్ల కింద చూపడాన్ని 2010లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం దేశంలో ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు దానికి వెచ్చిస్తుంటే, చేసే మగవాళ్లు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు. బతికున్నప్పుడు పైసా పలకని పనికి చావు తర్వాతనైనా ధర కడుతున్నారని సంతోషించాలా?

బతికుండగానే ధర పలికే చోటు కూడా ఉంది. డెల్టా స్త్రీలకు దాని సంగతి బాగా తెలుసు. రాజోలు, మలికిపురం, ముమ్మిడివరం, నరసాపురం ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా ఆడవాళ్లు కువైట్, మస్కట్, బహ్రెయిన్‌లకు ఇంటిపనికి వెళుతున్నారు. ఖద్దామా (ఇంటి పనిమనిషి) వీసా మీద విమానం ఎక్కిన ఆమె అక్కడ చేసేది ఇక్కడ చేసిందే: వంట, ఊడవడం, ఉతకడం, పిల్లల్ని ఎత్తడం, మంచాన పడ్డ ముసలమ్మకు సేవ. కువైట్ 2015లో చేసిన చట్టం ఈ పనికి రోజుకు 12 గంటల హద్దు పెట్టింది. వారానికి ఒక రోజు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు ఇవ్వాలంది. 2016లో నెలకు కనీసం 60 దినార్లు అని నిర్ణయించింది. కాగితం మీద ఉన్నదంతా అమలవుతోందని ఎవరూ అనుకోవద్దు. పాస్‌పోర్టు కఫీలు, అంటే వీసా ఇచ్చిన యజమాని, గుప్పిట్లో ఉంటుంది, పారిపోతే కేసు పడుతుంది, జీతం అందనివాళ్లు, దెబ్బలు తిన్నవాళ్లు, శవపేటికలో తిరిగొచ్చినవాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు. 30 ఏళ్లు నిండని స్త్రీ ఇంటిపనికి గల్ఫ్ వెళ్లకూడదని మన ప్రభుత్వం పెట్టిన నిబంధన, ఆమెను కాపాడటానికి బదులు చాలాసార్లు దొంగదారి ఏజెంట్ల చేతిలో పడేసింది. అయినా ఒక సంగతి నిలబడుతుంది. అదే అన్నం వండడం, అదే గిన్నె తోమడం సముద్రం దాటగానే జీతం ఉన్న ఉద్యోగం అయింది.

ఆ దినార్లతో కోనసీమలో పెంకుటిళ్లు డాబాలయ్యాయి, అప్పులు తీరాయి, పిల్లలు ఇంజనీరింగు చదివారు. అదే ఊళ్లో గల్ఫ్ వెళ్లిన మగవాడికి పిల్లనివ్వడానికి క్యూ కడతారు. వెళ్లొచ్చిన ఆడదాని నడవడి గురించి వెనకాల గుసగుసలాడతారు. ఆమె లేని పదేళ్లు పిల్లల్ని సాకింది అమ్మమ్మ. ఆ సాకుడుకు కువైట్ చట్టం వర్తించదు, ఇక్కడ ఏ చట్టమూ లేదు. ఇంటికి తిరిగొచ్చిన రోజు నుంచి ఆమె మళ్లీ ఇల్లాలు. బ్యాంకు ఫారంలో వృత్తి అన్న గడిలో ఏం రాయాలని అడిగితే పక్కనున్న కొడుకు 'గృహిణి' అని రాస్తాడు.

లేసు దగ్గరికి తిరిగి వస్తే, చేయగలిగిన పని ఒకటి అందుబాటులోనే ఉంది. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం ప్రకారం, పేరు నమోదయ్యాక ఆ సరుకు ఉత్పత్తిదారులు 'అధీకృత వినియోగదారులు'గా తమ పేర్లు చేర్పించుకోవచ్చు. నకిలీ సరుకు మీద కేసు వేసే బలం ఆ నమోదుతోనే వస్తుంది. అయితే హస్తకళల విషయంలో ఆ చట్టం 'ఉత్పత్తిదారు' అన్న మాటకు ఇచ్చిన అర్థంలో తయారుచేసేవాళ్లతో పాటు ఆ సరుకు వ్యాపారం చేసేవాళ్లు కూడా ఉన్నారు. అంటే సూది ముట్టని మనిషి కూడా నరసాపురం లేసు ఉత్పత్తిదారు కావచ్చు. చేతిపని, అతుకుపని చేసే స్త్రీలు అదే హోదాతో దరఖాస్తు పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేదు. ఆ ఫారం వాళ్ల అరుగు దాకా చేర్చే బాధ్యత పంచాయతీదా, పొదుపు సంఘాలదా, చేనేత జౌళి శాఖదా అన్నది వెంటనే తేలాలి. ఏజెంటు మాత్రం దారపు ఉండలతో వాయిదా తప్పకుండా అదే అరుగు దగ్గరికి వెళుతూనే ఉన్నాడు.